వాపసక్క పెళ్ళి

చనిపోయిన ఉద్యోగికి పెళ్ళయిందా లేదా అని తేల్చడం నా ఉద్యోగం. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. బతికున్నవాళ్ళను అడిగితేనే ఈ ప్రశ్నకు ఒక్కోసారి సూటిగా జవాబు రాదు, ఇక పోయినవాళ్ళ సంగతి చెప్పేదేముంది. మా రిటైర్మెంటు నిధి ఆఫీసులో నన్ను దిండ్ల గుమాస్తా అంటారు. ఎవరింటికి విచారణకు వెళ్ళినా ముందు దిండ్లు చూస్తానని. చూస్తాను మరి. సర్టిఫికెట్టు ఎవరైనా ఎక్కడినుంచైనా తేగలరు. రెండో దిండుకు ఏళ్ళ తరబడి పడిన గుంటను మాత్రం ఏ ఆఫీసులోనూ ఇవ్వరు.

ఈ కథలో ఆ రెండో దిండు ఉండాల్సిన చోట లేదు. అందుకే చెబుతున్నాను.

యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమె ముప్పై నాలుగేళ్ళు చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేసింది. కుట్టు పూర్తయిన చొక్కా ఏదైనా ఆమె చేతుల్లోంచి పోవాల్సిందే. తిరగేసి, లాగి, వెలుతురుకు పెట్టి చూసేది. నచ్చకపోతే టేబుల్ అవతలికి తోసి ‘వాపసు’ అనేది. బతిమాలినా, గొడవపడినా రెండో మాట ఉండేది కాదు. దాంతో అందరికీ వాపసక్క అయిపోయింది. నచ్చిన చొక్కాకు లోపల, అడుగు అంచు మడతలో, ఎడమ పక్కన ఊదారంగు దారంతో రెండు కుట్లు వేసేది. అది ఆ ఫ్యాక్టరీ పద్ధతి. చెక్ చేసే ఒక్కొక్కరికీ ఒక్కో రంగు ఇస్తారు. రేపు ఏ లోపమైనా బయటపడితే మడత విప్పి చూస్తే చాలు, ఎవరు వదిలేశారో తెలిసిపోతుంది. ఊదారంగు ఆమెది. ఆమె రిటైరయ్యాక ఆ రంగు మరెవరికీ ఇవ్వలేదట. గౌరవంతోనేం కాదు, ఆ దారం స్టాకు అయిపోయిందని.

అదే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టారు రిటైర్మెంటుకు ఏడు నెలలుండగా గుండె ఆగి పోయాడు. రికార్డులో ‘అవివాహితుడు’ అని ఉంది. ఉద్యోగంలో చేరిన రోజున తమ్ముడి పేరు నామినీగా రాశాడు, మళ్ళీ మార్చలేదు. మా నిబంధన చాలా తేలిక. ఉద్యోగికి భార్య ఉంటే ఆమెకు బతికినన్నాళ్ళూ పెన్షను వస్తుంది. లేకపోతే ఉన్నదంతా ఒకేసారి నామినీకి ఇచ్చి ఫైలు మూసేస్తాం. తమ్ముడు దరఖాస్తు పెట్టాడు. మా సూపరింటెండెంటు సంతకం చేయబోతున్న రోజున వాపసక్క ఆఫీసుకొచ్చి, నేను ఆయన భార్యను, అంది.

మా సెక్షనంతా తలలు తిప్పి చూసింది. నేను పెన్ను కింద పెట్టేశాను. ఎందుకంటే రెండేళ్ళ క్రితం ఆమె రిటైరైనప్పుడు ఫారం తీసుకున్నది నేనే. దాంట్లో ‘అవివాహిత’ అని ఆమె తన చేత్తో రాసింది. అందంగా కూడా రాసింది.

సర్టిఫికెట్టు ఉందా అంటే లేదు. ఫోటో లేదు. మెడలోగానీ వేలికిగానీ ఏ గుర్తూ లేదు. పెళ్ళికి సాక్షులెవరంటే, మంచాన పడి ఉన్న ఆమె తల్లి, పక్కింటి పెద్దాయన. ఇద్దరూ పోయారు. పైగా మాట్లాడినంతసేపూ ఆయనను మాస్టారు అనే అంటోంది. మాస్టారు అలా అన్నారు, మాస్టారికి అది పడదు. ఆమె వెళ్ళిపోయాక సూపరింటెండెంటు పెదవి విరిచాడు. “ఏ భార్య అయినా మొగుణ్ణి మాస్టారంటుందా? ముసలితనంలో ఆశ పుట్టి ఉంటుంది. ఓసారి వెళ్ళి చూసొచ్చి మూసెయ్,” అన్నాడు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే జనం జీవితాలు తేల్చేస్తాడు. నాకు ముక్కు మీద కోపం. ఆ మూసెయ్ అన్న మాటకే సగం పట్టుదల వచ్చింది.

అయితే పట్టుదల ఒకటే చాలదు కదా. ఫ్యాక్టరీకి వెళ్ళాను. వాపసక్కకూ మాస్టారికీ మధ్య ఏమైనా ఉండేదా అని అడిగితే, కుట్టుమిషన్ల మీద వంగిన వాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. ఆ ఇద్దరూ ఉప్పూ నిప్పూ అన్నారు. ఆయన కత్తిరించిన కాలర్లను ఆమె వెనక్కి పంపినన్నిసార్లు ఇంకెవరివీ పంపలేదట. ఒకసారి నూలుపోగంత తేడా ఉందని నలభై చొక్కాలు తిప్పి పంపితే, ఆయన కత్తెర టేబుల్ మీద విసిరేసి, ఈ మనిషితో వేగలేను, ఉంటే తనైనా ఉండాలి నేనైనా ఉండాలి అని మేనేజరు దగ్గరికి పోయాడట. ఇరవై ఏళ్ళలో ఒక్క పూటైనా కలిసి టీ తాగగా చూసినవాళ్ళు లేరు. పదకొండుమందిని అడిగాను, పదకొండుమందీ ఒకటే మాట. అబద్ధం చెప్పే అవసరం ఎవరికీ లేదు. చెప్పేవాళ్ళ మొహాలు చూస్తే తెలుస్తుంది, నిజంగా నమ్మే చెబుతున్నారు.

అక్కడినుంచి ఆస్పత్రికి పోయాను. మాస్టారిని చేర్చిన కాగితం తీయించాను. ‘రోగికి ఏమవుతారు’ అన్న చోట ‘ఇంటి ఓనరు’ అని ఉంది. అదే అందమైన చేతిరాత. అవును, ఆయన ఆమె ఇంటి మేడ మీద గదిలో అద్దెకుండేవాడు. వీధిలో అందరికీ అంతే తెలుసు. గేటుకు రెండు ఉత్తరాల డబ్బాలు కూడా ఉన్నాయి.

తమ్ముణ్ణి కలిశాను. ఊరి అవతలి కొసన సైన్‌బోర్డులు రాసుకునే పెయింటరు. నోట్లో నాలుక లేని మనిషి. అన్నయ్య పెళ్ళి చేసుకోలేదండీ, అడిగినప్పుడల్లా నవ్వేసేవాడు, అన్నాడు. అంత్యక్రియలు తనే జరిపించాడు. ఫ్యాక్టరీవాళ్ళతో పాటు ఓనరమ్మగారు కూడా వచ్చి వెనక నుంచున్నారని, మంచావిడ అని, ఆ తర్వాత గది ఖాళీ చేద్దామని తాళం చెవి అడిగితే ఎందుకో ఇవ్వలేదని చెప్పాడు. ఆమె మా ఆఫీసుకొచ్చింది ఆ మర్నాడే. ఆ తారీఖులు నోట్ చేసుకున్నాను.

ఇక మిగిలింది ఇల్లు.

విచారణకు ముందు చెప్పి వెళ్ళకూడదు, అది మా నియమం. ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి వెళ్ళి బెల్లు నొక్కాను. లోపల అలికిడైంది కానీ తలుపు తీయలేదు. గబగబా అడుగులు. ఏదో ఈడ్చిన చప్పుడు. మెట్ల మీద అడుగులు పైకి, మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. మళ్ళీ నొక్కుదామా అని వేలు ఎత్తాను, దించాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి, ఉన్నారు లెండి, తలుపు తీయడానికి ఎప్పుడూ ఇంత టైమ్ పడుతుంది, అంది.

నాలుగు నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుంది. వాపసక్క రొప్పుతోంది. నన్ను చూసి మొహం విప్పారింది, రండి బాబూ అంది. నేను లోపలికెళ్ళి నా పని మొదలుపెట్టాను. వంటింట్లో ఒక కంచం, ఒక కప్పు. తాడు మీద ఒక తువ్వాలు. గుమ్మం దగ్గర ఒక జత చెప్పులు. పడకగదిలో మంచం ఇద్దరికీ సరిపోయేదే. దాని మీద దిండు ఒక్కటే.

నిజం చెబుతున్నాను, నా మనసు చివుక్కుమంది. ఆ దిండు ఉంటుందని ఎందుకో ఆశపడ్డాను. సూపరింటెండెంటు మొహం గుర్తొచ్చింది. ఇక మేడ గది ఒక్కటీ చూసి వెళ్ళిపోదామని మెట్లెక్కాను. ఆమె నా వెనకే వచ్చింది.

చిన్న గది. ఒక నవారు మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. బల్ల మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. ఆ దుమ్ములో ఒక కళ్ళజోడు. కళ్ళజోడు మీద మాత్రం దుమ్ము లేదు. నేల మీద కూడా దుమ్మే. దాంట్లో ఆడమనిషి పాదాల ముద్రలు, ఇప్పుడే పడినవి. మంచం కింద మగవాళ్ళ చెప్పుల జత, ఆ దుమ్ము మీద పెట్టి ఉంది. మంచం మీద దుప్పటి లేదు, పరుపు లేదు, ఉత్త నవారు. దాని మీద అడ్డదిడ్డంగా చారల చొక్కాలు మూడు. పక్కనే ఒక దిండు. కింది దిండుకున్న పూల గలీబే దీనికీ. మధ్యలో లోతుగా గుంట.

బుర్ర గోక్కుంటూ అక్కడే నిలబడిపోయాను. నా అనుభవంలో దొంగ భార్యలు చాలామందే తగిలారు. పోయినవాడి చొక్కాలూ చెప్పులూ ఎక్కడెక్కడినుంచో తెచ్చి తమ గదిలో పరిచి చూపిస్తారు. ఒకావిడైతే పళ్ళు తోముకునే బ్రష్షు కొత్తది కొని, అట్ట తీయడం మరిచిపోయింది. ఎవరైనా సరే సామాను తమ దగ్గరికి తెచ్చుకుంటారు. ఈవిడ నేను గుమ్మంలో ఉండగా తన గదిలోంచి మోసుకొచ్చి మేడ మీద పడేసింది. తన కేసును తనే భుజాన వేసుకుని మెట్లెక్కించింది.

“అమ్మా,” అన్నాను, “ఇవన్నీ ఇప్పుడే పైకి తెచ్చారా?”

ఆమె చెప్పుల వైపు చూసింది. కళ్ళజోడు వైపు, దిండు వైపు చూసింది. ఇంకెవరో చేసిన పనిని చూస్తున్నట్టు చూసింది. నాలిక కరుచుకుంది. తర్వాత పై మెట్టు మీద అలాగే కూలబడిపోయింది.

“బెల్లు మోగింది కదా బాబూ,” అంది. “బెల్లు మోగితే నా చేతులు ఆగవు. ముందు చెప్పులు, తర్వాత కళ్ళజోడు, తర్వాత దిండు. ఇరవై రెండేళ్ళ అలవాటు. మాస్టారు ముందు మెట్లెక్కేవారు, నేను వెనకనుంచి అందించేదాన్ని. ఇవాళ అందుకునే మనిషి లేక మూడుసార్లు ఎక్కి దిగాను. మీరొస్తారని వారం రోజులుగా ఎదురుచూస్తున్నాను. తీరా వచ్చాక చూశారా, ఇదీ నా నిర్వాకం.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేం లేదు. పందొమ్మిదేళ్ళలో ఇంత మంచి సాక్ష్యాన్ని ఇంత జాగ్రత్తగా పాడుచేసుకున్న మనిషిని నేను చూడలేదు.

కాస్త తేరుకున్నాక అంతా చెప్పింది. ఆ ఫ్యాక్టరీలో చెకింగ్‌లో ఉన్నవాళ్ళకు అక్కడ పనిచేసే ఎవరితోనూ చుట్టరికం ఉండకూడదు. తమ మనిషి తప్పును చూసీ చూడనట్టు వదిలేస్తారని భయం. పెళ్ళయిందని తెలిస్తే ఇద్దరిలో ఒకరిని ఒక రోజు ప్రయాణం దూరంలో ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి పంపేస్తారు. ఆమె తల్లికి అప్పటికే పక్షవాతం. తల్లిని ఎత్తి కూర్చోబెట్టడానికి రెండు జతల చేతులు కావాలి. ఆ రెండో జత చేతులు మాస్టారివి. కొన్నాళ్ళు గుట్టుగా ఉందాం అనుకున్నారు. తల్లి ఆరేళ్ళు బతికింది. అప్పటికి ఆడిన అబద్ధాలు ఎన్నయ్యాయంటే, నోరు తెరిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఆ నిబంధనను ఎనిమిదేళ్ళ క్రితం ఎత్తేశారు. కానీ అప్పటికి దాక్కోవడం వాళ్ళకు రోజూ చేసే పనుల్లో కలిసిపోయింది. మాస్టారు రిటైరయ్యే రోజున వీడ్కోలు సభలో అందరి ముందూ చెబుదామని ఆయన అన్నారట. ఆ వాపసక్క మొహం ఆ రోజు చూడాలి అని నవ్వేవారట.

ఆస్పత్రిలో ఆ కాగితం ఇచ్చినప్పుడు కూడా చెయ్యి అలవాటు ప్రకారమే రాసేసిందట. ఆ తర్వాత అంత్యక్రియలప్పుడు వెనక వరసలో నుంచోవాల్సి వచ్చింది. అప్పుడూ ఊరుకుంది. “మరిదిగారు తాళం చెవి అడిగారు చూడండి,” అంది, “అప్పుడు తెలిసింది బాబూ. ఆ చెప్పులు ఇవ్వనని చెప్పడానికి నేనెవర్ని? ఓనర్ని. పెన్షను రాకపోతే నా పెన్షనుతో నేను బతుకుతాను. ఆయనకు నేను ఏమవుతానో ఒక్క కాగితం మీదైనా ఉండాలి కదా.”

మరి ఫ్యాక్టరీలో ఆ గొడవలన్నీ నాటకాలేనా అని అడిగాను. కళ్ళు తుడుచుకుని, కాస్త కోపంగానే, “నాటకమెందుకవుతుంది? ఆ నలభై కాలర్లూ నిజంగానే తేడా,” అంది.

లేచి మంచం మీది చారల చొక్కా ఒకటి తీసుకుని అంచు తిరగేశాను. లోపల, ఎడమ పక్కన, ఊదారంగు కుట్లు రెండు. మిగతా రెండింటికీ ఉన్నాయి. మాస్టారు తన చొక్కాలు ఇంట్లో తనే కుట్టుకునేవాడట. ఆమె చూసి, రెండుసార్లయినా వాపసు చేసి, అప్పుడు గుర్తు వేస్తేగానీ తొడుక్కోనిచ్చేది కాదట.

నేను పరుగులాంటి నడకతో ఆఫీసుకొచ్చి చెప్పాను. సూపరింటెండెంటు అంతా విని, దుమ్ము సాక్ష్యం కాదయ్యా అన్నాడు. చొక్కాల సంగతి చెప్పాను. చొక్కాలు ఆమె దగ్గరే ఉన్నాయిగా, దారం రీలు కూడా ఆమె దగ్గరే ఉంటుంది, నిన్న రాత్రి వేసి ఉండొచ్చుగా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ మాట సరైనదే. అప్పుడప్పుడు ఆయన కూడా సరైన మాట అంటాడు, అదే కష్టం.

నియమం ప్రకారం రెండు పక్షాలనూ పిలిచాం. శుక్రవారం మధ్యాహ్నం సూపరింటెండెంటు గదిలో వాపసక్క ఒక కుర్చీలో, తమ్ముడు ఒక కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరూ నేలచూపులు చూస్తున్నారు. ఆమె చెప్పాల్సింది చెప్పింది. మళ్ళీ మాస్టారు అనే అంది. తమ్ముడి మొహం చిన్నబోయింది. నమ్మనని అనలేదు, నమ్ముతాననీ అనలేదు. అన్నయ్య నా దగ్గర ఏదీ దాచడండీ అన్నాడు, అంతే.

నేను అతని మొహం చూడలేక చొక్కా వైపు చూశాను. చారల చొక్కా. భుజాలు కాస్త జారి ఉన్నాయి, అతని కొలతకు కుట్టింది కాదు. జేబు దగ్గర ఎర్ర పెయింటు మరక, బాగా పాతది.

“ఆ చొక్కా ఎక్కడిది?” అన్నాను.

అన్నయ్యదేనని, ఏడాదికి ఒకటో రెండో తను తొడిగి వదిలేసినవి ఇచ్చేవాడని, ఇది తొమ్మిదేళ్ళ కిందటిదని చెప్పాడు. పెద్దమ్మాయి స్కూలు బోర్డు రాస్తుంటే ఆ మరక పడిందట, అందుకని గుర్తుందట. ఒకసారి అడుగు అంచు తిరగేసి చూపిస్తారా అన్నాను. అతనికి అర్థం కాలేదు. కూర్చునే వంగి, ఎడమ పక్క అంచు రెండు వేళ్ళతో మడిచి చూశాడు. చాలాసేపు చూశాడు. సూపరింటెండెంటు కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, అతని పక్కన వంగి చూశాడు. పందొమ్మిదేళ్ళలో ఆయన లేవడం నేను చూసింది అప్పుడే.

“నా దగ్గర ఇంకా పద్నాలుగున్నాయి,” అన్నాడు తమ్ముడు. ఇంటికెళ్ళి గంటలో మూట కట్టుకుని తెచ్చాడు. కొన్ని రంగు వెలిసిపోయాయి, కొన్ని పెయింటు గుడ్డలుగా మారాయి. పద్నాలుగింటికీ అంచు లోపల ఊదారంగు రెండేసి కుట్లు. కొన్నిటి మీద ఆ దారం కూడా వెలిసి తెల్లబడింది. అవి నిన్న రాత్రి వేసినవని ఎవరూ అనలేరు.

వాపసక్క వాటిలో ఒకటి ఒళ్ళో పెట్టుకుని, చేత్తో సాపు చేస్తూ కూర్చుంది. తమ్ముడు ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

“ఒక్క మాట చెప్పి ఉంటే నేనెవరితో అనేవాణ్ణి?” అన్నాడు. “ఆ రోజు మిమ్మల్ని వెనక నుంచోబెట్టాను కదా వదినా.”

ఆమెను ఆ పిలుపు పిలిచినవాళ్ళు అంతకు ముందు లేరు. తల ఎత్తలేదు, చొక్కా సాపు చేస్తూనే ఉంది. అతను అక్కడే అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టాడు. పెళ్ళి దాచినందుకు చర్య ఉంటుందా అని సూపరింటెండెంటు పుస్తకాలు తిరగేశాడు. నిబంధనే ఎత్తేశాక చర్య ఏముంటుంది. ఉన్నా ఆయన పట్టించుకోడు, ఆ రోజు ఆయన కూడా ముక్కు చీదుకున్నాడు.

ఆర్డరు నెలన్నరకు వచ్చింది. పోస్టులో పంపొచ్చు. నేనే తీసుకెళ్ళాను. ఆమె పేరు పక్కన ‘మరణించిన ఉద్యోగి భార్య’ అని టైపు చేసి ఉంది. ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాను. తప్పుంటే వాపసు చేస్తుంది.

గుమ్మం ముందు రెండు జతల చెప్పులు పక్కపక్కన ఉన్నాయి. మగవాళ్ళవి తుడిచి పెట్టి ఉన్నాయి. బెల్లు నొక్కాను. వేలు తీసేలోపే తలుపు తెరుచుకుంది.

కాగితం తీసుకుని అక్కడే, వెలుతురుకు పట్టుకుని చదివింది. గోడ అవతల పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ, ఎవరొచ్చారండీ అని అడిగింది.

“మా ఆయన పెన్షను కాగితాలు తెచ్చారు,” అంది వాపసక్క, వీధి చివరి దాకా వినబడేలా.

పక్కింటావిడ చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. మీ ఆయనేంటి అంది.

“మేడ మీద అద్దెకుంటున్నారని మీరు అనుకునేవారే, ఆయన,” అంది వాపసక్క. “మేడ మీద ఎప్పుడూ లేరు. ఇరవై రెండేళ్ళూ కిందే ఉన్నారు.”